ఏడుగురం కలిసి రాసిన గుడ్డ

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఇద్దరు సభ్యులు కలిసి చేసిన ప్రసంగం)



మైకు పట్టుకున్నది ఒకరే గానీ మాట్లాడేది ఇద్దరం. మేము తోడికోడళ్ళం. ఈ కాగితాలు కూడా ఇద్దరం కూర్చునే రాసుకున్నాం. పక్కన నిలబడినామె మోచేత్తో పొడిచిందంటే మధ్యలో ఏదో వదిలేసినామని అర్థం. నవ్వకండి.

పోయిన సంవత్సరం ఇదే సభలో మేమిద్దరం చెరో మూల కూర్చున్నాం. మా సంఘం వాళ్ళకు తెలుసు ఆ సంగతి. ఆరేళ్ళు మాకు మాటల్లేవు. ఇంటి మధ్యలో గోడ లేచింది, పొయ్యిలు వేరయినాయి. నెల మీటింగులో గుండ్రంగా కూర్చుంటే ఒకరి మొహం ఒకరికి కనబడుతుందని, మా ఇద్దరి మధ్యన ఎప్పుడూ ఒక లావుపాటి అక్క కూర్చునేది. ఆ అక్క ఇక్కడే ఉంది, ఆమెకు ప్రత్యేకంగా దండం. గొడవ దేనికంటే, బయట తెచ్చిన ఒక అప్పు ఎవరు కట్టాలనేదానికి. అంతకు మించి ఇక్కడ విప్పం.

మాది శ్రీకాళహస్తి దగ్గరి ఊరు. మా ఇంటి పని కలంకారీ. పాతకాలం వాళ్ళు దీన్ని వ్రాతపని అనేవాళ్ళు. పెడన, మచిలీపట్నం వైపు కొయ్య అచ్చులతో అద్దుతారు. మా వైపు అచ్చు ఉండదు, కలమే. వెదురు పుల్లను మొనదేల్చి, మొనకు కొంచెం పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఉన్ని రంగు పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే చుక్క చుక్కగా దిగుతుంది. ఒకప్పుడు ఈ పని చేసేవాళ్ళు కరువైపోతుంటే, కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టినారు. మన ఊరి జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ కేంద్రంలో నేర్చుకున్నవాళ్ళ దగ్గర కూర్చుని మా మామ గీత నేర్చుకున్నాడు. మామ దగ్గర ఆయన ఇద్దరు కొడుకులు నేర్చుకున్నారు. మేము మాత్రం మా అత్త దగ్గర నేర్చుకున్నాం. ఏం నేర్చుకున్నారని అడిగితే అప్పట్లో మాకు చెప్పను కూడా రాదు. "ఇంట్లో సాయం చేస్తాం" అనేవాళ్ళం.

వినాయక చవితి దాటినాక మద్రాసు నుంచి ఒక వ్యాపారి ఆర్డరు తెచ్చినాడు. తొమ్మిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు రామాయణం. మధ్యలో పట్టాభిషేకం, చుట్టూ వరసలు వరసలుగా కథ, కింద తెలుగు అక్షరాలు. సంక్రాంతికి కావాలి. లక్షా ఇరవై వేలు ఇస్తానన్నాడు. మామకు చెయ్యి వణుకు మొదలై రెండేళ్ళయింది. అంత గుడ్డ ఆయన ఒక్కడితో కాదు. పెద్ద కొడుకు ఒక్కడు ఒప్పుకుంటే చేతకాదు, చిన్నవాడు ఒక్కడైనా అంతే. మామ ఇద్దరినీ అరుగు మీదికి పిలిచి చెప్పినాడు: "రెండు పొయ్యిలూ కలిసి పని చేస్తే నేను బొగ్గు పట్టుకుంటా. లేదంటే ఆయన్ను ఇప్పుడే పొమ్మంటా."

మగవాళ్ళు తలూపినారు. తలూపడం సులువే. గుడ్డ నానబెట్టేది, ఉతికేది, రంగు పూసేది మేము కదా.

సరుకుకు, మూడు నెలలు తినడానికి డబ్బు కావాలి. సంఘంలో నలభై వేలు అడిగినాం. మీటింగులో ఒకామె మొహమాటం లేకుండా అడిగింది: "రేపు మీరిద్దరూ మళ్ళీ కొట్లాడుకుంటే అప్పు ఎవరు కడతారమ్మా?" మాకు సిగ్గనిపించింది గానీ ఆమె అడిగింది న్యాయమే. చెరి ఇరవై వేలు ఇద్దరి పేరునా రాసి, ఒకరికొకరం జామీను సంతకం పెట్టినాం. ఆరేళ్ళలో మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన పడింది ఆ తీర్మానాల పుస్తకంలోనే.

ఇక్కడున్న వాళ్ళలో చాలామందికి కలంకారీ అంటే చీర మీద బొమ్మ. ఆ బొమ్మ వెనక పని ఎంతుందో కొంచెం చెప్తాం, విసుక్కోకండి.

మొదట గాడా గుడ్డను గంజి పోయేదాకా ఉతకాలి. కరక్కాయ దంచి, ఆ పొడిని నీళ్ళలో కలిపి, పచ్చి బర్రెపాలు పోసి, అందులో గుడ్డ ముంచి పిండి ఎండేయాలి. పాలు కాచినవి పనికిరావు. వెన్న ఉన్న పాలయితేనే రంగు పక్కకు పాకదు. పాలు ఎన్ని, నీళ్ళు ఎన్ని అనేది మా అత్త చేతికే తెలుసు, కొలత చెప్పమంటే చెప్పలేదు. వేలు ముంచి, రెండు వేళ్ళు రుద్ది చూసి, "ఇంకొంచెం పొయ్యి మే" అంటుంది. అంతే.

నల్ల రంగును మేము కసిం అంటాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం కుండలో నీళ్ళు పోసి మూడు వారాలు మురగబెడితే వస్తుంది. ఆ వాసనకు మా ఇంటికి చుట్టాలు రారు. కుండలో ఉన్నప్పుడు అది అంత నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీత పడగానే చూస్తుండగా నల్లబడుతుంది. ఎన్నేళ్ళు చూసినా మాకు అది వింతే. మామ చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తే, ఆ గీత మీద పెద్ద కొడుకు కసిం కలంతో తిరగదీసినాడు. మామ చెయ్యి వణికిన చోట గీత రెండుగా ఉండేది, కొడుకు అందులో ఏది సరైనదో చూసి దాన్నే పట్టుకుని పోయేవాడు. నాయన ఏమీ అనడు, కొడుకు ఏమీ అడగడు. అన్నదమ్ములిద్దరూ చెరో కొసన కూర్చుని అక్షరాలు రాసినారు. మొదటి పది రోజులు వాళ్ళ మధ్య "ఆ సీసా ఇటియ్యి" అనే మాట తప్ప ఇంకోటి లేదు.

తరువాత ఎరుపు. ఇది మా పని. ఎరుపు కావాల్సిన చోటల్లా పటిక నీళ్ళు కలంతో పూయాలి. రెండు రోజులు ఆరనిచ్చి, పారే నీళ్ళలో ఉతికి, మంజిష్ఠ వేసి రాగి గంగాళంలో కాయాలి. పటిక పడిన చోట ఎరుపు పట్టుకుంటుంది. మిగతా చోట్ల లేతగా అంటినది పేడనీళ్ళలో నానేసి, ఎండలో ఆరేసి, తడిపి మళ్ళీ ఆరేస్తుంటే పోతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. పటిక నీళ్ళకు రంగు లేదు. పూసిందెక్కడో, ఒలికిందెక్కడో కంటికి సరిగా ఆనదు. గంగాళంలో ఉడికినాకే బయటపడుతుంది.

కార్తీక మాసంలో వాన పట్టుకుంది. మా వైపు వానలన్నీ అప్పుడే. స్వర్ణముఖిలో నీళ్ళు పారుతున్నాయని సంతోషపడినాం, ఎండాకాలమైతే బోరు దగ్గర బిందెలు మోసి ఉతకాల్సిందే. కానీ ఎండ లేదు. రేకుల కింద గుడ్డ పరిచి, మేమిద్దరం చెరో వైపు నుంచి పటిక పూసుకుంటూ వచ్చినాం. పిల్లలు అటూ ఇటూ తిరుగుతున్నారు. రేకు ఒకచోట కారుతుంది కూడా. మూడో రోజు ఉతికి గంగాళంలో వేసినాం. అత్త కట్టెతో తిప్పుతా ఉంది. బయటికి తీసి గడ్డి మీద పరిచినాం.

పంచవటి దగ్గర, సీతమ్మ చీర పక్కన, అరచేతంత ఎర్ర మరక.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరి మనసులో ఏముందో ఇద్దరికీ తెలిసిపోయింది. చిన్నామె అనుకునింది, పెద్దామె మొండిగా గిన్నె గుడ్డ మీదే పెట్టుకుని పూస్తుంది, ఒలికించింది అని. పెద్దామె అనుకునింది, చిన్నామె కొడుకు తడి చేత్తో ముట్టినాడు, వాడికి చెప్పేవాళ్ళు లేరు అని. పైకి కూడా అనేసినాం, దాచేదేముంది. నది ఒడ్డున పదిమంది ముందు అనుకున్నాం. పాత అప్పు సంగతి కూడా తేలింది. మగవాళ్ళు పరుగెత్తుకొచ్చి వాళ్ళూ మొదలుపెట్టినారు. లక్షా ఇరవై వేల గుడ్డ గడ్డి మీద తడిసి పడి ఉంది, ఎవరూ దాని వైపు చూడడం లేదు.

చూసింది మా అత్త ఒక్కతే. మరక దగ్గర గొంతుకూర్చుని వేలితో రుద్దింది, నీళ్ళు చల్లి రుద్దింది. "ఇది పోదు మే," అన్నది. "ఎర్రగా ఉండేది అడివిలో ఏముంటుందో మీ మామను అడగండి."

మామ వచ్చి చాలాసేపు చూసినాడు. ఇంటికి తెచ్చి ఆ చోట కరక్కాయ నీళ్ళు తడిమి ఆరబెట్టమన్నాడు. మరుసటి రోజు కసిం కలం ఆయనే తీసుకుని, మరక మీద సన్నగా రేకులు గీసినాడు, కింద కాండం దించినాడు. మోదుగ చెట్టు. పూసిన మోదుగ. ఆకుల కన్నా పూలే కనబడే చెట్టు కదా, సరిపోయింది. ఆ ఒక్క గీత గీసేటప్పుడు మాత్రం చెయ్యి వణకలేదని మేమందరం చెప్పుకుంటాం గానీ, అది నిజం కాదు, వణికింది. పూరేకులు కాబట్టి తెలియలేదు.

ఆ మరక ఎవరి చేతిదో ఈ రోజుకీ తెలియదు. రేకు కారిందేమో కూడా. తేల్చుకుందామని ఇద్దరికీ చాలాసార్లు అనిపించింది.

తరువాత మళ్ళీ పాలలో ముంచడం, కరక్కాయ పువ్వుతో పసుపు పూయడం, నీలిమందుతో నీలం, నీలం మీద పసుపు పడితే పచ్చ. ఒక్కో రంగుకు ఒక్కో ఉతుకు. ఉతికినప్పుడల్లా మా అత్త నడుము దాకా నీళ్ళలో నిలబడింది. తడిసిన గుడ్డ ఎంత బరువో మీకు తెలుసు, దుప్పటి పిండినవాళ్ళే కదా మీరంతా.

ఇంక లెక్కల సంగతి. అసలు ఇది చెప్పాలనే మైకు దగ్గరికి వచ్చినాం.

పెద్దామె కూతురు పదో తరగతి. మా గొడవ అయిన రాత్రి ఆ పిల్ల ఒక నోటుబుక్కు తీసి గీతలు కొట్టింది. మన పొదుపు పుస్తకం మాదిరే. పేరు, తేదీ, ఏం పని, పూర్తి రోజా, సగం రోజా. వెనకటి రోజులు కూడా అందరినీ అడిగి రాసింది. "మీరు మళ్ళీ కొట్లాడుకుంటే చూపించడానికి" అన్నది. ఆదివారాలు తనూ కూర్చుని పసుపు పూసింది, తన పేరూ రాసుకునింది.

సంక్రాంతికి మూడు రోజుల ముందు గుడ్డ పూర్తయింది. ఆ రాత్రి పుస్తకం కూడినాం. మామ గీసినది 24 రోజులు. పెద్ద కొడుకు 31, చిన్న కొడుకు 22. మేమిద్దరం 52, 49. పిల్ల 8. మా అత్త 58.

మళ్ళీ కూడమన్నారు. మళ్ళీ కూడినా 58. కరక్కాయ దంచిన రోజు, పాలకు తిరిగిన రోజు, కసిం కుండ చూసుకున్న రోజు, గంగాళం కింద మంట పెట్టిన రోజు, ఉతికిన రోజు. ఇంట్లో అందరికన్నా ఎక్కువ పని చేసింది, "ముసలామె ఏదో సాయం చేస్తుంది" అని మేము కూడా అనుకున్న మనిషి. మేము కూడా అంటున్నాం, మగవాళ్ళను ఒక్కళ్ళనే అనడం లేదు.

సరుకుకు 17,400, సంఘం వడ్డీ నూటికి రూపాయి చొప్పున మూడు నెలలకు 1,200. అవి పోను 1,01,400 మిగిలింది. తిండికి, ఫీజులకు ముందే వాడుకున్నది ఎవరి వాటాలో వాళ్ళకు పట్టుకున్నాం. రోజుల లెక్కన పంచుదామని మేము అన్నాం. పెద్ద కొడుకు ఒప్పుకోలేదు. "నాయన గీసిన రోజూ, అమ్మ ఉతికిన రోజూ ఒకటేనా?" అన్నాడు. అతను అడిగింది తీసిపారేసే మాట కాదు. ఆ గీత యాభై ఏళ్ళ చెయ్యి. కానీ కసిం సరిగా మురగకపోతే ఆ గీత పట్టదు, పాలు తక్కువయితే గీత పాకుతుంది. చాలాసేపు వాదించుకుని, చివరికి మామ రోజును రెండు రోజులుగా కట్టినాం. మొత్తం 268 రోజులయినాయి, రోజుకు 378 రూపాయలు పడింది. మా అత్తకు 21,945 వచ్చింది. మామకు 18,161. రెట్టింపు కట్టడం న్యాయమేనా అంటే, పెద్దామె సరే అంటుంది, చిన్నామె ఇప్పటికీ కాదంటుంది. ఇక్కడికి వచ్చేటప్పుడు బస్సులో కూడా అదే వాదన.

ఒక మాట. ఇంత పని చేసినా మనిషికి రోజుకు 378 రూపాయలే పడిందని కూడా ఆ పుస్తకమే చెప్పింది. అంతకు ముందు మేము ఏ గుడ్డకూ ఇట్ల లెక్క చూడలేదు. లక్షా ఇరవై వేలు అంటే చాలా పెద్ద మాటగా వినబడింది. తరువాతి ఆర్డరుకు వ్యాపారితో మాట్లాడేటప్పుడు ఆ పుస్తకం ఎదురుగా పెట్టుకుని మాట్లాడినాం. అడిగినంత ఇవ్వలేదు గానీ కొంత పెంచినాడు.

డబ్బు ఇస్తే మా అత్త, "నాకెందుకు మే ఇవి, బియ్యానికి వాడుకోండి" అన్నది. బ్యాంకులో ఆమె ఖాతాలోనే వేసినాం. నెల రోజులు దాని మాట ఎత్తలేదు. ఒక రోజు ఎవరికీ చెప్పకుండా టౌనుకు పోయి చిన్న కమ్మలు కొనుక్కుని వచ్చింది. ఆ రాగి గంగాళం కొనేదానికి, మేము కాపురానికి రాకముందు తన కమ్మలు అమ్మిందట. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది.

పేరు దగ్గర ఇంకో గొడవ. గుడ్డ మూలన ఎప్పుడూ మామ పేరే రాస్తాం. ఈసారి పిల్ల అడిగింది, ఏడుగురం చేసినాం కదా అని. చిన్న కొడుకు నవ్వి, "అందరి పేర్లూ రాస్తే అది రామాయణం కాదు, రేషన్ కార్డు అవుతుంది" అన్నాడు. వ్యాపారిని ఫోనులో అడిగితే, ఒక్క పేరుంటేనే కొనేవాళ్ళు నమ్ముతారన్నాడు. ముందు వైపు మామ పేరే ఉంది. మామే గుడ్డ తిరగేసి, వెనక అంచు మీద కసింతో ఏడు పేర్లు రాసినాడు, అత్త పేరు మొదట. వ్యాపారి వచ్చి మడత పెట్టేటప్పుడు ఆ అంచు చూసినాడు, ఏమీ అనలేదు. ఆ గుడ్డ ఇప్పుడు ఏ ఇంట్లో ఏ గోడకు ఉందో మాకు తెలియదు. గోడకు కొడితే వెనక అంచు ఎవరికి కనబడుతుంది?

అందుకే మేము సమాఖ్యను ఒకటి అడుగుతున్నాం. మన సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు, సర్వేకు వచ్చినప్పుడు, మా పేరు ఎదురుగా "గృహిణి" అని రాసినారు, భర్త పేరు ఎదురుగా "కలంకారీ" అని రాసినారు. రాసినవాళ్ళ తప్పు కాదు, అట్ల చెప్పింది మేమే. ఇక్కడ నేతపని ఇళ్ళ అక్కలున్నారు, కుండలు చేసే ఇళ్ళ వాళ్ళున్నారు, పాడి ఉన్నవాళ్ళున్నారు. కండెలు చుట్టేది, మట్టి తొక్కేది, పేడ ఎత్తేది ఎవరో మీకు తెలుసు. ఈసారి ప్రణాళిక రాసేటప్పుడు ప్రతి సభ్యురాలిని "నువ్వు రోజూ చేసే పనేంటి?" అని విడిగా అడిగి రాయాలని తీర్మానం చేయండి. హస్తకళల గుర్తింపు కార్డు మా ఇద్దరిలో పెద్దామెకు వచ్చింది, చిన్నామె దరఖాస్తు ఇంకా తిరుగుతా ఉంది. మా అత్త మాత్రం దరఖాస్తు పెట్టనంటుంది. "నాకు బొమ్మ వేయను రాదు కదా మే, ఏమని చెప్పుకోను" అంటుంది. ఆమెను ఇంకా ఒప్పిస్తున్నాం. మీలో ఎవరైనా వచ్చి చెప్తే వింటుందేమో.

గోడ ఇంకా ఉంది. పొయ్యిలు రెండే. మొన్న పండక్కి కూడా ఎవరి వంట వాళ్ళదే. గుడ్డలు ఆరేసే తాడు మాత్రం గోడ మీదుగా అటు నుంచి ఇటు కట్టినాం, ఒక్క వైపు అంత పొడుగు తాడు పట్టదు కాబట్టి.

మోచేత్తో పొడిచింది. అవును, చెప్పాలి. సంఘం అప్పు నలభై వేలూ జనవరిలోనే కట్టేసినాం.

ఇప్పుడు చేస్తున్న గుడ్డను మీకు చూపిద్దామని తెచ్చినాం, వెనకాల బల్ల మీద పరిచి ఉంది. భోజనాలయినాక వచ్చి చూడండి. నీలం ఇంకా పూయలేదు, పసుపు పూసి రెండు రోజులే అయింది. తడి చేతులతో ముట్టుకోవద్దండి.